మొలతాడుకు కట్టిన వాషర్లు

మనిషి కడుపులోంచి తీసిన రాయిని ఆ మనిషికే చూపించాలి. ఇది నా నియమం. ముప్పై ఒక్క సంవత్సరాలు నేను ఆపరేషన్ గదిలో సిస్టరుగా పనిచేశాను. లోపలికి వెళ్ళిన గుడ్డ ముక్కలన్నీ బయటికి వచ్చాయని లెక్క తేలనిదే ఏ సర్జనునూ కుట్టు వేయనివ్వలేదు. కొందరు డాక్టర్లకు నేనంటే గిట్టేది కాదు. వారి రోగులు మాత్రం బతికి ఇళ్ళకు వెళ్ళారు.

శౌరి నాకు పరిచయమైనది ఆ నియమం వల్లనే. భిలాయి ఉక్కు కర్మాగారం పక్కన ఖుర్సీపార్ బస్తీలో కార్లు బాగుచేసే మనిషి. ఎనభై ఏడులో పిత్తాశయంలో రాళ్ళతో మా ఆసుపత్రికి వచ్చాడు. తెలివి వచ్చాక, తీసిన రాళ్ళను చిన్న సీసాలో వేసి అతని చేతిలో పెట్టాను. "ఇవి నీలోంచి తీసినవి. చూసుకో. చూడకపోతే తీశామనడానికి నీ దగ్గర రుజువేమిటి?" అన్నాను. అతను ఆ సీసాను చాలాసేపు కదుపుతూ కూర్చున్నాడు.

తరువాత తన షెడ్డులో అదే పద్ధతి పెట్టాడు. కారుకు ఆయిల్ మార్చాలంటే ఇంజను అడుగునున్న ప్లగ్గు విప్పి పాత ఆయిలును కిందికి వదలాలి. ఆ ప్లగ్గు తల కింద పల్చని రాగి వాషరు ఒకటి ఉంటుంది. ఆయిల్ చుక్క బయటికి రాకుండా ఆపేది అదే. శౌరి ప్రతిసారీ పాత వాషరు తీసివేసి కొత్తది వేసేవాడు. పాతదాన్ని గుడ్డతో తుడిచి యజమాని చేతిలో పెట్టి, "మీ రాయి, సార్" అనేవాడు. ఖుర్సీపార్ మొత్తం ఆ మాటకు నవ్వేది. నవ్వుతూనే అతని దగ్గరికే వెళ్ళేది.

తొంభై నాలుగు వేసవిలో అతని మీద ఫిర్యాదు వచ్చింది.

ఫిర్యాదు చేసినవారు పార్థసారథి గారు. సెక్టర్ 4లో నేనుంటున్న మా అబ్బాయి క్వార్టరుకు నాలుగు ఇళ్ళ అవతల ఉండేవారు. నీటి పైపుల పనిలో ఫోర్‌మన్. పనివంతుడు. ఆయన బిగించిన నల్లా కారిందని ఎవరూ అనలేదు. ఆ సంగతి ఆయనే రోజుకు రెండుసార్లు గుర్తుచేసేవారు. ఆ ఏడాది ఒక పాత ఫియట్ కారు కొని, ఏప్రిల్ చివరి శనివారం శౌరి దగ్గర ఆయిల్ మార్పించారు. పన్నెండు రోజుల తరువాత భార్య సత్యలక్ష్మితో రాయపూర్‌లోని వియ్యాలవారింటికి బయలుదేరారు. చరోదా రైల్వే యార్డు దాటుతుండగా ఇంజను కీచుమని అరిచి పట్టేసింది. లోపల ఆయిల్ లేదు. అడుగున ప్లగ్గు వేళ్ళతో తిప్పితేనే తిరుగుతోంది.

శౌరి షెడ్డు ఉన్నది ఖుర్సీపార్‌లో మా తెలుగు సంఘం స్థలంలో, హాలు పక్కనే. పార్థసారథి గారు ఆ సంఘానికి కార్యదర్శి. ఆయన కారును తాడుతో లాగించి తెచ్చి షెడ్డు ముందే నిలబెట్టించారు. శౌరి దానిమీద చెయ్యి వేయరాదన్నారు. ఫిర్యాదులో ఇలా రాశారు: శౌరి కొత్త వాషరు వేయలేదు, నలిగిన పాతదే తిరిగి వేశాడు, ప్లగ్గు బిగించలేదు, కాబట్టి అతనిచేత షెడ్డు ఖాళీ చేయించాలి.

పదహారేళ్ళ షెడ్డు పోవడం ఒక నష్టం. ప్లగ్గు బిగించని మెకానిక్ అన్న పేరు రావడం అంతకన్న పెద్ద నష్టం. ఆ పేరు వచ్చినవాడు ఎక్కడ షెడ్డు వేసుకున్నా దాని ముందు కారు ఆగదు.

కార్యవర్గంలో నేనొక్కదాన్నే స్త్రీని. ఆదివారం చర్చి నుంచి నేరుగా సమావేశానికి వెళ్ళాను. అధ్యక్షులు నరసింగరావు గారు కర్మాగారంలో రైలు పట్టాల మిల్లులో తనిఖీ చేసి రిటైరైన పెద్దమనిషి. అందరూ జేబులో కలం పెట్టుకునే చోట ఆయన మందం కొలిచే మైక్రోమీటరు పెట్టుకుంటారు.

"ఏటిరా శౌరీ, ఏటి కథ?" అన్నారాయన.

"నయా వాషరే వేశాను బాబూ. పాతది సారు చేతిలోనే పెట్టాను. ఆయన చొక్కా జేబులో వేసుకున్నారు."

"నాకేటీ ఇవ్వలేదు" అన్నారు పార్థసారథి గారు. "ఇచ్చుంటే ఏదీ? ఈ ఊరికి నీళ్ళు తాగిస్తన్నోణ్ని నాను. బిగింపంటే ఏటో నాకు సెప్తావేటి?"

నేను లేచి, "ఆ ప్లగ్గును ఇప్పుడే, అందరి ముందూ విప్పి చూస్తే సరిపోతుంది" అన్నాను.

"అదెలా కుదురుద్ది సిస్టరమ్మ గారూ? విప్పేస్తే సాక్ష్యం పోదేటి? ఎంత వదులుందో తరవాత ఎవుడు సెప్తాడు?"

వెనక బల్ల నుంచి ఎవరో, "సిస్టరమ్మ గారూ, ఇది అపెండిసైటిస్ కాదండీ, కోసి చూడ్డానికి!" అన్నారు. హాలంతా నవ్వింది.

"కాదు నాయనా. అపెండిసైటిస్ అయితే రోగికి అబద్ధమాడే ఓపిక ఉండదు" అన్నాను.

నవ్వు ఆగింది. నరసింగరావు గారు గొడవకు భయపడే మనిషి. నిర్ణయాన్ని వచ్చే ఆదివారానికి వాయిదా వేశారు. బయట శౌరి తన షెడ్డు గడప మీద నిలబడి, తనకు ముట్టుకునే హక్కు లేని కారును చూస్తున్నాడు.

"సిస్టరమ్మా, మీరు నన్ను నమ్ముతున్నారా?" అన్నాడు.

"నమ్మకంతో పని లేదు. రుజువు కావాలి" అన్నాను. ఆ మాట అతనికి కష్టంగా తోచిందని ముఖం చూస్తే తెలిసింది. అయినా వెనక్కి తీసుకోలేదు. అబద్ధమాడేవాళ్ళను కూడా నమ్మేవాళ్ళు ఉంటారు.

గురువారం ఉదయం సత్యలక్ష్మి పది నెలల మనవణ్ణి చంకనేసుకుని మా గుమ్మంలోకి వచ్చింది. రిటైరయ్యాక కూడా ఆ వీధిలో దద్దురు లేచినా, వేలు తెగినా నా దగ్గరికే వచ్చేవారు.

"ఏటమ్మా సిస్టరమ్మ గారూ, ఈ గుంటడి నడుం సూడండి. పచ్చగా ఏటో లేసింది. నిన్నట్నుంచీ ఒకటే ఏడుపు."

చొక్కా ఎత్తి చూశాను. నడుముకు నల్ల మొలతాడు. దానికి రెండు రాగి బిళ్ళలు, నడిమిన రంధ్రంతో. అవి చెమటకు తగిలినచోటల్లా చర్మం చిలుము పట్టినట్టు పచ్చబారి, చుట్టూ ఎర్రగా పొంగి ఉంది.

"ఇవేమిటి?"

"సిల్లికాణీలమ్మా, దిష్టికి. మా సిన్నప్పుడు మా అమ్మ కట్టేది కాదా? ఇప్పుడెక్కడ దొరుకుతాయి సెప్పండి! మా ఆయన సొక్కా ఉతుకుతుంటే జేబులో రెండు కనపడ్డాయి. దేవుడే పంపినాడనేసి కట్టీసినాను."

చిల్లికాణీ నాకూ తెలుసు. నా చిన్నతనంలో చలామణీలో ఉండేది. దాని మీద కిరీటం ఉండేది, సంవత్సరం ఉండేది. మొలతాడు కత్తిరించి ఆ రెంటినీ కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకున్నాను. కిరీటం లేదు, అక్షరం లేదు. ఒకటి పల్చగా, వంకరగా ఉంది. దాని మీద ఒకదానిలో ఒకటి పడిన నాలుగు గుండ్రని గాట్లున్నాయి. రెండోది మందంగా, దాదాపు కొత్తగా, ఒకే ఒక్క గాటుతో ఉంది. రెండూ ఎంత ఉతికినా పోని ఇంజను ఆయిల్ వాసన వేస్తున్నాయి.

పిల్లవాడి నడుముకు కొబ్బరినూనె రాస్తూ ఆలోచించాను. అక్కడ ఒక్కటే ఉంటే, శౌరి పాత వాషరు ఇచ్చాడన్న మాట రుజువయ్యేది, అంతే. కాని రెండున్నాయి. ఒక ప్లగ్గుకు ఒకసారి ఒక్క వాషరే పడుతుంది. ఈ రెండోది శౌరి వేసిన కొత్తది అయితే, అది ఇంజను కింద ఉండాలి గాని మొలతాడుకు ఎలా వచ్చింది? శౌరి తరువాత ఎవరో ఆ ప్లగ్గు విప్పారు.

దాచడం నా పద్ధతి కాదు. నేను చదువుకున్న కాన్వెంటులో మాకు చెప్పేవారు, న్యాయానికి కూడా దొడ్డిదారిన పోకూడదని.

"సత్యలక్ష్మీ, ఇవి కాణీలు కావు. మీ కారు వాషర్లు. మీ ఆయన చెప్పినది నిజం కాదని ఇవి చెబుతున్నాయి. నీకు చెప్పకుండా వీటిని తీసుకుంటే దొంగతనం. చెప్పి అడిగితే నీ ఇంట్లో గొడవ. నేను చెప్పే అడుగుతున్నాను" అన్నాను.

ఆమె పిల్లవాణ్ణి ఒక చంక నుంచి రెండో చంకకు మార్చుకుంది.

"అయితే ఆ బేసిను..." అంది.

"ఏ బేసిను?"

"నా బట్టల బేసినమ్మా! లోపలంతా నల్లగా ఆయిలు. ఇదేటని అడిగితే పైపు పని అన్నాడు!" ఆమె గొంతు పెరిగింది. "ఆ సరోదా రోడ్డు మీద పట్టుసీర కట్టుకుని మూడు గంటలు నిలబడ్డాను సిస్టరమ్మ గారూ, ఎండలో. లారీలోళ్ళు నన్ను సూసి హారన్లు కొట్టుకుంటా ఎల్లిపోయారు. ఆ పాపమంతా శౌరిదే అనుకుని ఆణ్ణి ఎన్ని తిట్టేనో! ఇలా ఇవ్వండా తాడు. ఆదివారం నా సేత్తో నానే తెస్తాను."

"తెస్తావా?"

"తేకపోతే నాను మా అయ్యకి పుట్టలేదు."

తాడును ముడి విప్పకుండా రుమాలులో చుట్టి ఆమెకే ఇచ్చాను.

ఆదివారం హాలు నిండిపోయింది. షిఫ్టు దిగి తిన్నగా వచ్చినవారు గోడవారగా నిలబడ్డారు. పార్థసారథి గారు కార్యదర్శి కనుక తీర్మానాల పుస్తకం ఆయన ముందే ఉంది. నేను మూడు ప్రశ్నలకు అనుమతి అడిగాను; జవాబులు పుస్తకంలో రాయాలన్నాను.

"శౌరి తరువాత ఆ ప్లగ్గును మరెవరైనా విప్పారా?"

"ఎవుడూ విప్పలేదు."

"రాయండి. పాత వాషరు శౌరి మీకు ఇచ్చాడా?"

"లేదని సెప్పాను కాదా!"

"అదీ రాయండి. ఒక ప్లగ్గుకు ఎన్ని వాషర్లు వేస్తారు?"

"ఒకటే. ఇదేం ప్రశ్న? సిన్నపిల్లడ్ని అడిగినా సెప్తాడు."

"చెబుతాడు" అన్నాను. "ఆ చిన్నపిల్లవాడు ఇక్కడే ఉన్నాడు."

ఆడవాళ్ళ వరుసలో నుంచి సత్యలక్ష్మి లేచింది. చంకలో మనవడితో నడిచి వచ్చి, అధ్యక్షుల బల్ల మీద రుమాలు విప్పింది. నల్లతాడు, రెండు రాగి బిళ్ళలు. పార్థసారథి గారి కలం ఆగిపోయింది.

"ఇయి మా ఆయన సొక్కా జేబులో దొరికినాయి. రెండూ. సిల్లికాణీలనుకుని గుంటడికి కట్టీసినాను" అంది ఆమె. తరువాత భర్త వైపు తిరిగింది. "సెప్పండి. బేసిను సంగతి నన్నే సెప్పమంటారా?"

నరసింగరావు గారు అప్పటికే మైక్రోమీటరు తీశారు. ముప్పై ఏళ్ళు పట్టాలను కొలిచిన చెయ్యి. ఆ చేతిలోకి కొలత రాగానే ఆయన భయం పోయింది.

"ఈ పల్చటిది ఒకటింబావు మిల్లీమీటరు కూడా లేదు. రెండోది ఒకటిన్నరకి ఈషణ్మాత్రం తక్కువ. గాటు ఒకటే. అంటే ఒక్కసారే నలిగింది. శౌరీ, ఇలా రా. ఇది నువ్వేసిందేనా?"

శౌరి ముందుకొచ్చాడు. దాన్ని తాకలేదు, వంగి చూశాడు.

"నాదే బాబూ. రాగి మెత్తగా ఉంటుంది. ప్లగ్గు బిగించగానే నలిగి ప్లగ్గు ముఖానికీ ఇంజను ముఖానికీ మధ్య సందు లేకుండా కూర్చుంటుంది. ఒకసారి నలిగాక ముదురుతుంది, మళ్ళీ సరిగ్గా కూర్చోదు. అందుకే నేను ప్రతిసారీ మారుస్తాను."

"కాల్చి నీళ్ళలో ముంచితే మెత్తబడదా?" అని గోడవార నుంచి ఒకరు అడిగారు. కొలిమి ముందు బతికినవాళ్ళ ఊరు మరి.

"మెత్తబడుద్ది భయ్యా. కొత్తది దొరక్కపోతే ఎర్రగా కాల్చి ముంచి, గాట్లు లేకపోతే ఇంకోసారి వాడొచ్చు. ఇదిగో, ఈ పాతదానికి నాలుగు గాట్లు. దీన్ని ఏం చేసినా లాభం లేదు. దీన్ని తీసే కదా సారు చేతిలో పెట్టాను."

"ఇక ప్లగ్గు విప్పుదాం" అన్నాను. ఈసారి సాక్ష్యం పోతుందని ఎవరూ అనలేదు.

అందరూ బయటికి వచ్చారు. శౌరిని ముట్టుకోవద్దన్న ఆజ్ఞ ఇంకా ఉంది గనుక, నరసింగరావు గారే పంచె పైకి కట్టి, గోనెపట్టా పరచుకుని కారు కిందికి దూరారు. వేళ్ళతోనే తిప్పి ప్లగ్గు తీశారు. దాన్ని ఎండలోకి ఎత్తి పట్టుకున్నారు.

తల కింద వాషరు లేదు. ప్లగ్గు మర చుట్ల మీద ఆయిల్‌లో నానిన జనపనార సుతిలి తాడు పేలికలై వేలాడుతోంది. దాని సందుల్లో తెల్లని సఫేదా ముద్ద. ఆరు పలకల తల మీద పైపు రెంచి పళ్ళు కొరికిన గుర్తులు.

భిలాయిలో ఆ సుతిలినీ ఆ సఫేదానూ గుర్తుపట్టని ఇల్లు లేదు. క్వార్టర్లో నల్లా పాడైతే వచ్చే మనిషి చేసేది అదే: మరకు సుతిలి చుట్టడం, సఫేదా పూయడం, రెంచితో బిగించడం.

"అరే, ఇది మా బాత్రూమ్ నల్లాలాగ ఉందిరా!" అన్నారెవరో.

నవ్వు హాలు గోడలు దాటి రోడ్డు మీదికి పోయింది. పక్క టీ దుకాణం వాడు, "క్యా హువా?" అంటూ గరిటెతోనే పరుగెత్తుకొచ్చాడు. శౌరి నవ్వలేదు. రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు.

పార్థసారథి గారు ముందుకు వచ్చి ఆ ప్లగ్గును చూశారు.

"రెండు సుక్కలు పడ్డాయి" అన్నారు నెమ్మదిగా. "ఆయిల్ మార్చిన మర్నాడు, నా గుమ్మం ముందు. వాషరు కారుతోందనుకున్నాను. నా ఇంటి ముందు కారుడా! ఆయిలు బేసినులోకి వంపి, ఆ రింగు అడ్డమనేసి తీసీసి, సుతిలి సుట్టి బిగించాను. మళ్ళీ అదే ఆయిలు పోసీసినాను. ఇలా అవుద్దనుకోలేదు. అయ్యాక సెప్పడానికి... ఏ ముఖం పెట్టుకు సెప్తాను?"

"ఆ చుక్కలు ప్లగ్గువి కాదు సార్" అన్నాడు శౌరి. "పాత ఆయిలు వదిలేటప్పుడు కింది పట్టీ మీద కొంత చిందుతుంది. రెండు రోజులు అది కారుతుంది. వచ్చి అడిగుంటే గుడ్డతో తుడిచేవాణ్ణి. మీ నల్లాలో నీళ్ళు ఆగేది మరలో. ఇక్కడ ఆయిలు ఆగేది ప్లగ్గు తల కింద ఈ ముఖం మీద. సుతిలి చుట్టబట్టి ప్లగ్గు చివరిదాకా పోలేదు. వేడికి సఫేదా కరిగింది, కుదుపుకు ప్లగ్గు వదులైంది."

మళ్ళీ హాల్లో కూర్చున్నాక నరసింగరావు గారికి పాత భయం తిరిగి వచ్చింది. గొంతు సవరించుకుని తీర్మానం చెప్పారు: "మెకానిక్ శౌరిని ఈసారికి క్షమించి, షెడ్డు కొనసాగించడమైనది. రాయండి."

నేను లేచాను.

"ఆ మాట కొట్టివేయండి."

"ఏ మాటమ్మా? షెడ్డు ఉంచీసినాం కదా?"

"క్షమించి అన్న మాట. క్షమించేది తప్పు చేసినవాణ్ణి. తప్పు చేయనివాణ్ణి క్షమిస్తే అది అతనికి రెండోసారి చేసే అన్యాయం. పదేళ్ళ తరువాత ఎవరైనా ఈ పుస్తకం తెరిస్తే, శౌరి ఏదో చేశాడు, పెద్దలు దయతలిచారు అనుకుంటారు. అతనికి దయ అక్కరలేదు."

"పెద్ద మనసు సేసుకుందాం సిస్టరమ్మ గారూ. ఆయనా మనోడే..."

"మన మనసు ఎంత పెద్దదో ఎవరూ అడగలేదు. జరిగినది రాయమంటున్నాను."

ముందు సత్యలక్ష్మి, "రాయండి" అంది. తరువాత గోడవార షిఫ్టువాళ్ళు. తరువాత అందరూ. పిల్లవాడు కూడా ఏదో అరిచాడు. దాన్ని మద్దతుగానే లెక్కవేశాను.

నేను చెబుతుంటే పార్థసారథి గారు తన చేత్తోనే రాశారు: "శౌరి చేసిన పనిలో ఏ లోపమూ లేదు. అతను కొత్త వాషరు వేశాడు, పాతది యజమానికి ఇచ్చాడు. తరువాత ప్లగ్గు విప్పినవారు, వాషరు తీసినవారు, సుతిలి చుట్టినవారు ఫిర్యాదుదారు పార్థసారథి. ఫిర్యాదు అబద్ధం." ఒక్క విశేషణం లేదు. తన పేరు దగ్గరికి వచ్చినా ఆయన చెయ్యి ఆగలేదు. ఆ గౌరవం ఆయనకు దక్కాలి. పుస్తకం మూసి, లేచి, శౌరి ముందుకు వెళ్ళి అందరూ చూస్తుండగా చేతులు జోడించారు.

నేను ఆ తీర్మానాన్ని గట్టిగా చదివించాను. తెలుగు సరిగా రాని పిల్లల కోసం హిందీలో మరోసారి చదివించాను. చప్పట్లకు హాలు పైకప్పు రేకులు అదిరాయి. శౌరి నా దగ్గరికి వచ్చాడు.

"ఇప్పుడు నమ్ముతున్నాను" అన్నాను.

ఇంజను విప్పి, బేరింగులు మార్చి, తిరిగి కట్టడానికి శౌరికి మూడు వారాలు పట్టింది. పని మరొకరికి ఇస్తారేమోనని అనుకున్నాను. పార్థసారథి గారు ఇవ్వలేదు. చివరి రోజు మేమందరం వెళ్ళాం. పిలవని వాళ్ళు కూడా వచ్చారు. పాత ప్లగ్గు మర బాగానే ఉంది గాని, పైపు రెంచి కొరికిన తల మీద ఇక స్పానరు నిలవదని శౌరి దాన్ని పక్కన పెట్టాడు. కొత్త ప్లగ్గు తీశాడు. కొత్త వాషరును ఎత్తి అందరికీ చూపించాడు, చర్చి పూజలో గురువు అప్పం ఎత్తి చూపినట్టు. ప్లగ్గుకు తొడిగి, ముందు చేత్తో తిప్పి, రింగు స్పానరుతో బిగించి, ఆపవలసినచోట ఆపాడు. ఆయిల్ పోసి తాళం తిప్పాడు. ఇంజను మొదటిసారికే అందుకుంది. అందరం వంగి కారు కింద చూశాం. ఒక్క చుక్క లేదు.

శౌరి చేతులు తుడుచుకుని, పాత ప్లగ్గును సుతిలి పేలికలతో సహా పార్థసారథి గారి చేతిలో పెట్టాడు.

"మీ రాయి, సార్."

ఆయన దాన్ని ఒకసారి చూసి, నవ్వి, చొక్కా జేబులో వేసుకోబోయారు.

"ఆ జేబులో కాదు!" అంది సత్యలక్ష్మి. "అందరి ముందూ నా సేతికి ఇవ్వండి."